అయిదు మాసముల ప్రవాసము



గడచిన మాసమున తిరుపతిలో మా వీధియందలి యొక యిల్లాలు నాయొద్దకు వచ్చి కంట తడిపెట్టుకొని తన కష్టము చెప్పినది. ఆమె కుమార్తె కళాశాలలో మూడవ సంవత్సరము చదువుచున్నది. ఒక సెమిస్టరు, అనగా నాలుగైదు మాసములు, ఇంగ్లండులోని యొక విశ్వవిద్యాలయమున చదివి వచ్చుటకు ఆ పిల్ల యెన్నిక యైనది. తండ్రి సమ్మతించెను. అత్తగారు మాత్రము "పెండ్లి కావలసిన పిల్లను ఒంటిగా సీమకు పంపుదురా? రేపు సంబంధము లెవరు తెత్తురు?" అని పట్టుపట్టి అన్నము మానినదట. "అక్కా, నేనేమి చేయుదును?" అని యామె యడిగినది. ఇట్టి ప్రశ్న నేడు పెక్కిండ్లలో పుట్టుచున్నది గాన ఈ మాసము దీనిని గుఱించియే వ్రాయుచున్నాను.

మన సీమవారికి ఇంగ్లండు చదువు క్రొత్త గాదు. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారు 1902లో ప్రభుత్వ విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలకు పోయిరి. ఆనాడు పొగయోడలో వారములకొలది ప్రయాణము. ఇంటినుండి వ్రాసిన జాబునకు బదులు రావలెనన్న నెల దాటవలసినదే. 1906లో అచ్చటి యూనియను సభకు ఉపాధ్యక్షులైరి. అంతమాత్రమున తెలుగు మఱచిరా? మఱవలేదు. తిరిగివచ్చి 1914లో "కవిత్వతత్త్వ విచారము" వెలువరించి, పింగళి సూరన "కళాపూర్ణోదయము"ను మనకు క్రొత్త చూపుతో చూపిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొట్టమొదటి వైస్ ఛాన్సలరైరి.

ఆయన సీమకు పోకమునుపే, మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువునాడు, "ముసలమ్మ మరణము" అను కావ్యము రచించిరి. అనంతపురము జిల్లాలోని బుక్కరాయసముద్రము చెఱువుకట్ట తెగనుండగా, ఊరిని కాపాడుటకై ఆ నీటికి తన్ను తానర్పించుకొనిన కోడలి కథ యది. ఆ కథ వినినపుడెల్ల మనము చేతులు జోడింతుము. కాని యొక్కమాట యోచింపుడు. ఊరికొఱకు పోయి మరల రాని యాడుబిడ్డను దేవతగా కొలుతుము. చదువుకొఱకు పోయి అయిదు మాసములలో తిరిగివచ్చెద నను ఆడుబిడ్డను గడపకడనే యాపుదుము. కుమారుడు పోయినచో సంబంధములు చెడునని యెవరును తలపరు. పైగా సీమకు పోయివచ్చెనని గొప్పగా చెప్పుకొందురు. ఇది న్యాయమా?

అట్లని తల్లుల భయమును నేను పరిహసింపను. భయమునకు మందు ప్రశ్నయే. మొదటి ప్రశ్న: అచ్చట చదివిన చదువు ఇచ్చటి పట్టమునకు లెక్కకు వచ్చునా? ఏ పాఠమునకు ఏ పాఠము సరియో కళాశాలవారిచేత ముందుగనే వ్రాతమూలముగా తీసికొనవలెను. లేనిచో వచ్చినపిదప ఆ పాఠములనే మరల చదువవలసి రావచ్చును. రెండవది: వ్యయము. విద్యార్థులను పరస్పరము మార్చుకొను నొప్పందములలో తఱచుగా బోధనరుసుము మన కళాశాలకే కట్టుదురు. గది, భోజనము, విమానము, వీసా, ఆరోగ్యభీమా మాత్రము మనమీదనే పడును. మొత్తము కూడి చూచుకొనక ఇల్లు తాకట్టు పెట్టవలదు. మూడవది: పిల్ల యుండు చోటేది, అర్ధరాత్రి జ్వరము వచ్చిన నెవరిని పిలువవలెను?

కాలమునుగూడ తెలిసికొనుడు. డిసెంబరులో లండనునందు సాయంకాలము నాలుగు గంటలకే ప్రొద్దు క్రుంకును. ఆస్ట్రేలియాకు పోవు పిల్లకు జూలైలోనే చలికాలము. తిరుపతి యెండకు అలవాటుపడిన దేహమునకు ఉన్నిబట్టలే కాదు, ఆ చీకటికి తాళు గుండెదిటవును కావలెను. చలికాలమున మనకు రాత్రి తొమ్మిది గంటలైనపుడు వారికి మధ్యాహ్నము మూడున్నర. మాటలాడు వేళ ముందే నిర్ణయించుకొనుడు. పప్పు, చారు, రాగిసంకటి చేసికొనుట నేర్పి పంపుడు. కుమారునికిని ఇదే నేర్పుడు.

ఆ యిల్లాలికి నేను చెప్పినది ఇంతే: "అమ్మా, అత్తగారితో వాదింపకుము. పిల్లను ఆమెప్రక్కన కూర్చుండబెట్టి, ఈ ప్రశ్నలకెల్ల దానిచేతనే బదులు చెప్పింపుము. బదులు చెప్పగలిగినచో పోగలదు."

అత్తగారు ఇంకను నోటితో సరే యనలేదు. కాని అన్నము తినుచున్నారు. మొన్న "విమానములో కందిపొడి ఎన్ని సేర్లు తీసికొని పోనిత్తురు?" అని మనుమరాలిని అడిగిరట.