ఏడొందల కిలోమీటర్లు కదిలొచ్చిన ఇళ్లు

కర్పూరం అనగానే మనకు గుడి గుర్తొస్తుంది, హారతి గుర్తొస్తుంది. చైనాలోని జియాంగ్సీ రాష్ట్రంలో పెద్దవాళ్లకు మాత్రం ఆడపిల్ల పెళ్లి గుర్తొస్తుంది. ఆ వైపు పల్లెల్లో పూర్వం ఇంట్లో ఆడపిల్ల పుడితే పెరట్లో ఓ కర్పూరం మొక్క నాటేవారట. పిల్లతో పాటే చెట్టూ ఎదిగేది. కొమ్మలు ప్రహరీ దాటి వీధిలోకి కనపడ్డాయంటే పెళ్లిళ్ల పేరయ్యకు కబురు అందినట్టే. ‘ఈ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంది’ అని ఆ చెట్టే చెప్పేది! సంబంధం కుదిరాక చెట్టు కొట్టి, ఆ చెక్కతో రెండు పెట్టెలు చేయించి, నిండా పట్టుబట్టలు సర్ది పిల్లను అత్తారింటికి పంపేవారు. కర్పూరం చెక్క వాసనకు పురుగు దరిచేరదు మరి. మనం బీరువాలో నాఫ్తలీన్ ఉండలు వేసుకుంటామే, వాళ్లకు పెట్టే ఆ పని చేసిపెట్టేది.

అలాంటి కర్పూరం చెట్లు ఓ పదివేలు. వాటితో పాటు మింగ్, చింగ్ చక్రవర్తుల కాలం నాటి ఇళ్లు ఓ యాభై. వీటన్నిటినీ ఉన్నచోటు నుంచి కదిలించి, సుమారు 700 కిలోమీటర్ల దూరంలో షాంఘై శివార్లకు చేర్చాడొక మనిషి. ఆ ఇళ్లలో కొన్నింటిని మళ్లీ నిలబెట్టి, ఆ చెట్ల నీడలోనే నడుపుతున్న ఖరీదైన హోటల్ పేరు ఆమన్‌యాంగ్‌యున్. శని, ఆదివారాలు గడపడానికి షాంఘై సంపన్నులు వెళ్లే చోటు. మనమూ ఓసారి వెళ్లొద్దాం రండి.

ఊరు మునుగుతుందంటే...

జియాంగ్సీలో ఫూజౌ అనే జిల్లా ఉంది. చదువుల తల్లి కొలువున్న నేల అంటారు దాన్ని. వెయ్యేళ్ల కిందటి మంత్రి, కవి వాంగ్ అన్షీ అక్కడివాడే. ‘పియోనీ పెవిలియన్’ నాటకం రాసిన తాంగ్ షియాన్‌జూ కూడా ఆ గడ్డ మీద పుట్టినవాడే. ఈయన, షేక్‌స్పియర్ ఇద్దరూ 1616లోనే కన్నుమూశారు. అలాంటి జిల్లాలో పండితులు, అధికారులు, వర్తకులు కట్టుకున్న ఇళ్లు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

మా దదోంగ్ ఆ ఊరి కుర్రాడే. షాంఘైలో వ్యాపారం చేసుకుంటున్నాడు. 2002లో తల్లిదండ్రుల్ని చూడ్డానికి సొంతూరు వెళ్లాడు. అక్కడ కొత్త రిజర్వాయరు కడుతున్నారనీ, చుట్టుపక్కల పల్లెలు మునిగిపోతాయనీ తెలిసింది. చిన్నప్పటి నుంచీ చూసిన చెట్లు గొడ్డలికి ఎరవుతున్నాయి. పాత ఇళ్లు ఇటుకల కోసం, కలప కోసం కూలుతున్నాయి. చూసి ఊరుకోలేకపోయాడు. ఊరిని ఆపలేను, నీళ్లనూ ఆపలేను, కనీసం చెట్లనూ ఇళ్లనూ తీసుకుపోతాను అనుకున్నాడు.

అనుకోవడం తేలికే. వందల ఏళ్ల నాటి మానును బతికుండగా తరలించడం మాటలా! వృక్షశాస్త్రం తెలిసినవాళ్లను పిలిపించాడు. కొమ్మలు నరికించి, వేళ్ల చుట్టూ మట్టి ముద్ద చెదరకుండా కట్టించి లారీలెక్కించాడు. ఇళ్ల కోసం పాత పనితనం తెలిసిన వడ్రంగులను, తాపీ పనివాళ్లను వెతికాడు. ఒక్కో ఇటుకకూ, ఒక్కో దూలానికీ అంకె వేసి విప్పించాడు. ఆ ముక్కలన్నీ గోదాముల్లో ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. చెట్లు కొత్త నేలలో వేళ్లూనుకున్నాయి. చివరికి కెర్రీ హిల్ అనే ఆస్ట్రేలియా వాస్తుశిల్పి సంస్థ గీసిన నమూనా ప్రకారం 2018లో హోటల్ తలుపులు తెరుచుకున్నాయి. అంటే పదహారేళ్లు! ఆడపిల్ల పుట్టినప్పుడు నాటిన చెట్టు గోడ దాటి కనపడేంత కాలమన్నమాట.

అసలు ఇల్లు విప్పడం ఎలా సాధ్యం అంటారా? ఆ ఇళ్లను కట్టిన తీరే అంత. స్తంభాలు, దూలాలు, వాసాలు అన్నీ ఒకదానిలో ఒకటి కుసి, బెజ్జం పద్ధతిలో కూర్చుంటాయి. మేకులతో పెద్దగా పని లేదు. పైకప్పు బరువంతా చెక్క మోస్తుంది, గోడ అడ్డు మాత్రమే. అందుకే ‘గోడ కూలినా ఇల్లు కూలదు’ అని చైనావాళ్ల సామెత. బిగించిన క్రమానికి ఎదురుగా వెళ్తే ఇల్లు ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది. మళ్లీ అదే వరసలో బిగిస్తే నిలబడుతుంది. ఈ కాలపు సిమెంటు మేడను ఇలా విప్పి చూడండి, మిగిలేది కంకరే!

మన మండువాకు చుట్టాలే

ఈ పాత ఇళ్లలో అడుగుపెట్టిన తెలుగువాళ్లకు ఒక వింత తోస్తుంది. ‘ఇదెక్కడో చూశామే’ అనిపిస్తుంది. ఎత్తయిన గడప దాటి లోపలికెళ్తే మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ జాగా. నాలుగువైపులా కప్పు లోపలికే వాలి ఉంటుంది. వాన పడితే నీళ్లన్నీ ఆ నడుమ జాగాలోకే దూకుతాయి. అచ్చం మన కోనసీమ మండువా లోగిలి! వాళ్లు దాన్ని ‘తియాన్‌జింగ్’ అంటారు. ఆకాశపు బావి అని అర్థం. చుట్టూ ఉన్న గోడలకు బయటివైపు కిటికీలు తక్కువ. వెలుగు, గాలి, వాన అన్నీ ఆ బావిలోంచే దిగాలి.

నీరంటే సిరి అని వాళ్ల నమ్మకం. నాలుగు వైపుల నీళ్లూ ఇంటి నడిబొడ్డుకే చేరితే సంపద బయటికి పోదని లెక్క. మన పెద్దలు మండువాలో గంగాళాలు పెట్టి వాన నీళ్లు పట్టుకున్నట్టే వాళ్లూ పెద్ద రాతి తొట్లు పెట్టేవారు. వాడకానికి నీళ్లూ దొరికేవి, నిప్పంటుకుంటే ఆర్పడానికీ పనికొచ్చేవి. చెక్క ఇళ్లు కదా, వాళ్లకు నిప్పంటే హడల్. పక్కింటి మంట మన కప్పు మీదికి రాకుండా పక్కగోడల్ని కప్పు కన్నా ఎత్తుగా మెట్లు మెట్లుగా లేపుతారు. దూరం నుంచి గుర్రం తల ఎత్తినట్టు ఉంటుందని వాటిని గుర్రపుతల గోడలు అన్నారు.

రెండు రోజులు ఏం చేస్తారు?

ఇలా తరలించిన ఇళ్లలో పదమూడింటిని అతిథులకు విడిదిగా తీర్చారు. ఇవి కాక మింగ్ కాలం ముంగిళ్ల తరహాలో కొత్తగా కట్టిన గదులు 24 ఉన్నాయి. పాత ఇల్లు మొత్తంగా తీసుకోవడం కోటీశ్వరుల పని. కొత్త గదులకైనా రాత్రికి వేల యువాన్లు పెట్టుకోవాల్సిందే.

ఈత కొలను, మర్దన గదులు ఏ పెద్ద హోటల్లోనైనా ఉంటాయి. ఇక్కడి ప్రత్యేకత నాన్ షూఫాంగ్. బీజింగ్ రాజప్రాసాదంలో చింగ్ చక్రవర్తులు పండితులతో కూర్చున్న దక్షిణపు చదువుల గది పేరే దీనికి పెట్టారు. అక్కడ కుంచె పట్టి చైనా అక్షరాలు దిద్దుకోవచ్చు. ఏడు తీగల ‘గుచిన్’ వాద్యం వినొచ్చు. తేనీరు కాచి పోసే పద్ధతి నేర్చుకోవచ్చు. పూర్వం చదువుకున్న చైనా మనిషి అంటే వాద్యం, చదరంగం లాంటి ఆట, రాత, బొమ్మ... ఈ నాలుగూ వచ్చి ఉండాలి. షాంఘైలో ఆఫీసు పనులతో వేగిపోయిన తల్లిదండ్రులకు, ఫోను వదలని పిల్లలకు ఓ పూట కుంచె పట్టుకుని కూర్చోవడం కూడా కొత్తే కదా!

ఇక భోజనం. చైనా వంట చప్పగా ఉంటుందని మనవాళ్ల అపోహ. షాంఘై వంట తియ్యగా ఉండే మాట నిజమే. జియాంగ్సీవాళ్లు మాత్రం కారం దగ్గర మన గుంటూరుకు తీసిపోరు. బియ్యప్పిండి సేమ్యాలోనూ మిరపకాయే, చేపల పులుసులోనూ మిరపకాయే. మట్టికుండలో గంటల తరబడి సన్నసెగ మీద మరిగించే సూపు వాళ్ల ఇష్టమైన వంటకం. సోయా సాస్, నూనె, బియ్యపు సారాయి తలా ఒక గిన్నెడు పోసి వండే ‘మూడు గిన్నెల కోడి’ పుట్టిల్లు కూడా ఆ రాష్ట్రమే అంటారు. ఆ వంటలను వడ్డించే భోజనశాల కూడా ఇక్కడ పెట్టారు. ఇళ్లతో పాటు కారమూ కదిలొచ్చిందన్నమాట!

గుళ్లు కదిలాయి... ఇళ్లో?

ఇంత విన్నాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఇళ్లు వచ్చాయి, చెట్లు వచ్చాయి. మరి మనుషులు? ఆ గడప మీద కూర్చుని బియ్యం ఏరుకున్న అవ్వ, ఆ ఆకాశపు బావి కింద పురుడు పోసుకున్న తల్లి, వాళ్ల బిడ్డలు? ముంపు ఊళ్లవాళ్లు ఎక్కడికి పోతారో వాళ్లూ అక్కడికే పోయారు. కొత్త కాలనీలకు, కొత్త బతుకులకు. తమ తాతలు కట్టిన ఇంట్లో ఒక్క రాత్రి పడుకోవాలంటే ఇప్పుడు వాళ్లూ వేల యువాన్లు కట్టాల్సిందే. ఊరంటే ఇళ్లు మాత్రమే కాదని ఈ హోటల్ చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

అలాగని మా దదోంగ్ చేసింది తక్కువ పనా? కాదు. అతను పూనుకోకపోతే ఆ దూలాలు పొయ్యిలోకి, ఆ మానులు రంపం కిందికి పోయేవి. ఈ సంగతి మనకన్నా బాగా ఎవరికి తెలుసు? నాగార్జునసాగర్ నీళ్లు నిండకముందు నాగార్జునకొండ లోయలోని బౌద్ధ కట్టడాలను విప్పి ఎత్తయిన చోట్లలో మళ్లీ కట్టారు. శ్రీశైలం జలాశయంలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం చేర్చారు. అలా దేవుళ్లకు కొత్తచోటు దొరికింది. 1981లో కృష్ణ నీళ్లలోకి జారిపోయిన పల్లెల్లో మాత్రం మామూలు ఇళ్లకు అంకెలు వేసి విప్పినవాళ్లు లేరు. ఆ ఊళ్ల ఆనవాళ్లు ముసలివాళ్ల మాటల్లోనే ఉన్నాయి. ఆ మాటలు వినేవాళ్లూ తగ్గిపోతున్నారు.

ఇంకో సంగతి. మన మండువా ఇళ్లు పోతున్నది ఆనకట్టల వల్ల మాత్రమే కాదు. పంపకాల్లో గోడ అడ్డం వచ్చిందని, కార్ షెడ్డుకు చోటు కావాలని, బాగుచేసే వడ్రంగి దొరకడం లేదని మన చేతులతో మనమే కూలుస్తున్నాం. చెక్కిన ద్వారబంధాలు పాత సామాను కొనేవాళ్ల లారీలెక్కుతున్నాయి. ఎక్కడో ఏ రిసార్టులోనో తేలుతున్నాయి.

షాంఘై ఎప్పుడైనా వెళ్లొచ్చు. 2020లో ఆగిపోయిన భారత్-చైనా నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి కూడా. ఈలోగా సంక్రాంతికో, పెళ్లికో సొంతూరు వెళ్తే ఒక పని చేయండి. తాతగారి ఇల్లు ఇంకా నిలిచి ఉంటే ఫొటోలు తీయండి. టేపు పట్టుకుని గదులు కొలవండి. పిల్లల చేత నమూనా గీయించండి. ఏ గదిలో ఎవరు పుట్టారో, ఏ మూల పాలదాలి ఉండేదో, మండువాలో ఎవరి పెళ్లి జరిగిందో బామ్మగారిని కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. దానికి లారీలు అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు. ఒక ఆదివారం చాలు.