ఏడ నడువాలె?

"రోజూ అరగంట నడువు అవ్వా, షుగరు దిగుతది." దవాఖానల్లో ఈ మాట చెప్పని రోజుండదు. ఎక్కడ నడవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

సారంగాపూర్‌లో మందుల కవరు పట్టుకొని ఇంటికి పోతున్న ఒక అవ్వ వెంట నేనూ నడిచాను. నలభై ఏండ్లు ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టిన మనిషి. మోకాళ్లు సాగవు. సగం రోడ్డు మీద వడ్లు, వాటి చుట్టూ రాళ్లు. మిగిలిన సగంలో ట్రాక్టర్లు, బైకులు. గల్లీలోకి మళ్లితే మోరి మీద బండ లేదు. గోడ పట్టుకొని, ఏ కాలు ముందు వెయ్యాలో తెలియక ఆగిపోయింది. "పైపులేసేటప్పుడు తీసిండ్రు బిడ్డా, మళ్ల పెట్టలే."

ముసలోళ్లకు బద్దకమట! ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అరవై అయిదు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు శరీరాన్ని కదిలించాలని, మూడు రోజులు కాళ్ల నిలకడ కోసం కసరత్తు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నడక ఆగితే తొడకండ కరుగుతుంది, అడుగు తడబడుతుంది, పడితే తుంటి విరుగుతుంది. లేపి కూచోబెట్టే కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. చేతిలో ఉన్నది 2016 రూపాయల ఆసరా పింఛను.

రైతును నేను తిట్టను. కల్లం లేకనే వడ్లు రోడ్డెక్కుతాయి. ఉపాధి హామీ సొమ్ముతో కల్లాలు కట్టించినందుకు 2022లో కేంద్రం తెలంగాణను 151 కోట్లకు పైగా వాపసు కట్టమంది. ఆ పోరు ఢిల్లీకి, హైదరాబాద్‌కు నడుమ. బండ్ల కింద నలిగేది ఇక్కడి అవ్వలు. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పోసి, ఇంటి కడపను గుంతలోకి నెట్టిందెవరు? నాలుగడుగులేసి కూలబడే అరుగును రోడ్డు వెడల్పు పేర మింగిందెవరు?

ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు 21వ అధికరణం కిందిదేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. బతికే హక్కు మున్సిపాలిటీ పొలిమేర కాడ ఆగిపోతదా? మోరికి బండ, పది ఇండ్లకో గద్దె, రోడ్డు పక్కన ఆరడుగుల తొవ్వ. అడుగుతున్నది ఇంతే. రోడ్డు పని బిల్లు మీద సంతకం పెట్టే ఇంజినీరు ముందుగా ఆ అవ్వ చెయ్యి పట్టుకొని దవాఖాన నుంచి ఆమె వాకిలి దాకా నడవాలి. మోరి కాడ ఆమె ఆగితే, బిల్లూ అక్కడే ఆగాలి.