మందుల షాపును తిడితే సరిపోదు

మందుకు లొంగని సూక్ష్మజీవి గురించి మదనపల్లెకు వేరే చెప్పనక్కర్లేదు. 1915లో ఆరోగ్యవరం క్షయ శానిటోరియం వెలిసిన ఊరది. స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇస్తే క్షయ క్రిమి కొన్నాళ్లకే దాన్ని లెక్కచేయదని 1940ల చివర్లోనే తేలింది; రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి అలా వచ్చింది. కాకపోతే క్షయ క్రిమి మొండితనం స్వార్జితం. తన జన్యువులో ఎక్కడో మార్పు వస్తుంది, అది తన సంతానానికే దక్కుతుంది.

పాదరసాన్ని తట్టుకునే బ్యాక్టీరియా దారి వేరు. దాని బలమంతా ‘మెర్’ అనే జన్యువుల వరుసలో ఉంది. మెర్-ఆర్ కాపలాదారు. పాదరసం తగలనంతసేపూ మిగతా జన్యువులను పని చేయనివ్వదు. తగిలిందా, డీఎన్‌ఏను మెలిపెట్టి వాటిని లేపుతుంది. మెర్-పి, మెర్-టి ఆ విషాన్ని పట్టి కణం లోపలికే చేరవేస్తాయి! బయటికి నెట్టాల్సింది పోయి లోపలికి లాగడమేమిటి? లోపల మెర్-ఎ ఎంజైము కాచుకుని ఉంటుంది. పాదరసం అయాన్‌ను మామూలు పాదరసంగా మార్చేస్తుంది, అది ఆవిరైపోతుంది. విషం నశించలేదు, గాలిలోకి మారిందంతే.

ఈ జన్యువులు తరచుగా ప్లాస్మిడ్లనే విడి డీఎన్‌ఏ ముక్కల మీద, ట్రాన్స్‌పోజాన్లనే చోటు మారే జన్యు ముక్కల మీద ఉంటాయి. అందుకే ఒక జాతి నుంచి మరో జాతికి చేబదులుగా పోతాయి. జపాన్‌లో 1950లలో షిగెల్లా బ్యాక్టీరియా నుంచి బయటపడ్డ ఆర్100 ప్లాస్మిడ్‌నే చూడండి. దానిలోని టీఎన్21 అనే ట్రాన్స్‌పోజాన్ మీద మెర్‌తోపాటు సల్ఫా మందులనూ స్ట్రెప్టోమైసిన్‌నూ ఎదిరించే జన్యువులున్నాయి. పాదరసం తగిలిన చోట ఆ మొత్తం మూట బతుకుతుంది, మందు చుక్క పడకపోయినా. 1993లో అమెరికాలో యాన్ సమర్స్ బృందం కోతుల పళ్లలో పాదరసం కలిసిన లోహ మిశ్రమం నింపి చూసింది. నోటిలో, పేగుల్లో పాదరసాన్ని తట్టుకునే బ్యాక్టీరియా పెరిగింది. వాటిలో చాలావాటికి యాంటీబయాటిక్సూ పనిచేయలేదు.

మనం మాత్రం ఆర్‌ఎంపీనీ మందుల షాపునీ తిట్టి ఊరుకుంటాం. తిట్టొద్దనను. కానీ పగిలిన థర్మామీటరు, మూలన పడ్డ పాత బీపీ మిషను చెత్తబండికెక్కితే వాటిలోని పాదరసమూ ఈ లెక్కలోకే వస్తుంది. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. ఆ మాట పుంగనూరులోని చిన్న క్లినిక్ దాకా రావాలంటే పాత పరికరాలను మునిసిపాలిటీయే విడిగా సేకరించాలి.

కుప్పం సంగతి ఇంకొంచెం పెద్దది. పక్కనే 2001లో మూతపడ్డ కోలార్ బంగారు గనులు, ఇటు చిగరగుంట బంగారు గని. కోలార్‌లో తొలినాళ్లలో ముడిరాయి పిండి నుంచి బంగారాన్ని పట్టింది పాదరసంతోనే. ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది కదా, ఆ గనుల మట్టిలో మెర్ జన్యువులను, వాటి పక్కన కూర్చున్న, మందులను ఎదిరించే జన్యువులను కలిపి వెతికే పని తన విద్యార్థులకు అప్పగించాలి.