తల కొలత తీసుకున్నారా?

సిరిసిల్లలో పన్నా, అంటే వెడల్పు, తగ్గిన బట్ట తానును ఎవరూ తీసుకోరు. సాంచ (మరమగ్గం) నడిపే కార్మికుడికీ, ఆసామికీ, షావుకారుకీ ఆ సంగతి తెలుసు. అంత కొలత తెలిసిన ఊళ్లోనూ హెల్మెట్ కొనేటప్పుడు మాత్రం తల కొలిచేవాళ్లు అరుదు. రోడ్డు పక్కన వేలాడదీసినవాటిలో రంగు నచ్చింది చూసి, బేరమాడి, బండి అద్దానికి తగిలించుకుని పోతాం. జగిత్యాలలో, కోరుట్లలో కూడా ఇదే వరస. ఇంట్లో తండ్రికీ కొడుక్కీ కోడలికీ అదొక్కటే. చలానా తప్పడానికి అది సరిపోతుందేమో. తల కాపాడటానికి సరిపోదు.

నిజామాబాద్ నుంచి కోరుట్ల, జగిత్యాల మీదుగా మంచిర్యాల వైపు పోయే 63వ జాతీయ రహదారి మీద లారీలు, వడ్ల ట్రాక్టర్లు, బైకులు అన్నీ ఒకే బాటన పోతాయి. అక్కడ కింద పడితే ఏమవుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అప్పుడు తలను కాచేది పైన మెరిసే డొప్ప ఒక్కటే కాదు, దాని లోపలి థర్మోకోల్ కూడా. దెబ్బ తగిలినప్పుడు అది నలుగుతూ, తల ఒక్కసారిగా ఆగిపోకుండా చూస్తుంది. హెల్మెట్ లూజుగా ఉంటే తల ముందు ఆ ఖాళీలో ఊగి, తర్వాత థర్మోకోల్‌కు గుద్దుకుంటుంది. ఈలోపు హెల్మెట్ పక్కకు తిరిగి కణత బయటపడొచ్చు. పట్టీ పెట్టుకోకపోతే మనిషి నేలను తాకకముందే అది ఎగిరిపోవచ్చు. హెల్మెట్ వల్ల ప్రమాదాల్లో చనిపోయే అవకాశం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతాయని పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2008లో తేల్చింది. తలమీద నిలవని హెల్మెట్ నుంచి ఆ లాభం ఆశించలేం.

కొలవడం పెద్ద పనేమీ కాదు. దర్జీ టేపును కనుబొమలకు కాస్త పైనుంచి, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బిన చోటుకు తిప్పండి. 58 సెంటీమీటర్లు వస్తే 580 అని రాసి ఉన్న సైజుతో మొదలుపెట్టండి. మొదలుపెట్టండి అనే అంటున్నాను, ఎందుకంటే కొందరి తల గుండ్రంగా, కొందరిది కోలగా ఉంటుంది. ఒకే నంబరు కంపెనీని బట్టి మారుతుంది కూడా. పెట్టుకున్నాక బుగ్గలు కొంచెం నొక్కుకోవాలి. కొత్తది కాస్త బిగుతుగా ఉండటమే మేలు, లోపలి మెత్త వాడేకొద్దీ అణుగుతుంది. హెల్మెట్ పట్టుకుని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం దానితో పాటే కదలాలి. తర్వాత పట్టీ బిగించి, వెనక అంచు కింద చెయ్యి పెట్టి ముందుకు ఎత్తి చూడండి. ఊడి వస్తే ఆ సైజు వదిలేయండి. షాపులోనే పది నిమిషాలు తలమీద ఉంచుకోండి. నుదుటి మీద ఒకేచోట నొప్పి పుడితే అదీ మీది కాదు. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఎండ సంగతి కొట్టిపారేసేది కాదు. మేలో 45 డిగ్రీలు దాటే జగిత్యాలలో హెల్మెట్ పెట్టుకోమంటే చెమట గుర్తొస్తుంది. గాలి రంధ్రాలున్నది, లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కునేది కొనండి. తలకు రుమాలు చుట్టుకునే రైతు ఆ రుమాలు తీసి, పలుచని గుడ్డ కట్టుకుని కొలత చూసుకోవాలి. ఆడవాళ్లు కొప్పు మీద హెల్మెట్ పెడితే అది పైకి లేచి నిలుస్తుంది, జడ కిందికి వేసుకుంటేనే కుదురుతుంది.

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయి కట్టడాల దగ్గర పనిచేసినవాళ్లకు సైటు టోపీని తలకు సరిచేసుకోకుండా పని మొదలుపెట్టరాదని తెలుసు. సెలవుకు వచ్చినప్పుడు ఆ అలవాటు ఇక్కడి బండి మీదా ఉండాలని నా కోరిక. ఆ టోపీనే బండికి వాడొద్దు. అది పైనుంచి పడే వస్తువుల కోసం చేసింది.

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్ అమ్మడం నేరం. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి. లేకుంటే జరిమానా పడుతుంది. నాలుగేళ్లలోపు పిల్లలకు కూడా వాళ్ల తలకు సరిపడే హెల్మెట్ ఉండాలనే నియమం 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. పెద్దల హెల్మెట్ పిల్లాడికి పెడితే అది కళ్లమీదికి జారుతుంది.

ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయండి. నలిగిన థర్మోకోల్ మళ్లీ ఉబ్బదు.

షోరూంల యజమానులకు ఒక మనవి: బండి తాళాలు చేతికిచ్చే ముందు కొన్నవారి తల కొలిచి, ఆ సైజు హెల్మెట్ ఇవ్వండి. కొనేవారికి మరో మాట: ఇంట్లోవాళ్ల కోసం మీరొక్కరే పోయి కొనుక్కురావొద్దు, పెట్టుకునే మనిషిని షాపుకు తీసుకుపోండి.