బిడ్డల ఆరోగ్యము: వాచిన చేయి

కొడవలి అంటే మన ఇండ్లలో తెలియనివారు లేరు. కోతలైతే చూరులో దోపి ఉంచుతాము. ఆ కొడవలి పేరుతోనే ఒక రక్తవ్యాధి ఉన్నదని, అది తల్లిదండ్రుల నుండి బిడ్డకు సంక్రమిస్తుందని మనలో ఎందరం ఎరుగుదుము? డాక్టర్లు దానిని సికిల్ సెల్ అంటారు. అమెరికాలో ఆ జబ్బుతో పుట్టేవారిలో అత్యధికులు నల్లజాతి బిడ్డలు. వారి విషయమే ఈ నెల వ్రాస్తున్నాము.

1964లో ఫిలడెల్ఫియాలోని ఒక ఆసుపత్రికి పసిబిడ్డను తెచ్చారు. చేయి బాగా వాచి ఉంది. దెబ్బ తగిలిన గుర్తు లేదు. చూస్తున్నది మేరిలిన్ గాస్టన్ అనే యువ డాక్టరు. ఆమెకు ఏమీ పాలుపోలేదు. పై డాక్టరు సలహాపై రక్తం చూడగా అది సికిల్ సెల్. గాస్టన్ తానూ నల్లజాతి స్త్రీయే; అయినా ఆ సంగతి ఆమెకు తట్టలేదు. ఆమె పేదయింటి బిడ్డ. చిన్నతనంలో తల్లి ఇంట్లోనే స్పృహతప్పి పడిపోయింది. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు. చూపించుకొనే స్తోమత లేదు. ఆనాడే డాక్టరు కావాలనుకొన్న మనిషి, ఈ వాచిన చేతిని ఊరకే మరచిపోతుందా?

మామూలు రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉండి సన్నని నాళాలలో జారిపోతుంది. ఈ జబ్బులో అది కొడవలిలా వంగి, గట్టిపడి అడ్డంపడుతుంది. అక్కడ నొప్పి, వాపు. పుట్టినప్పుడు బిడ్డ చక్కగానే ఉంటుంది; కొన్ని నెలలకు గాని బయటపడదు. ఈలోగా, మన పెద్దలు కడుపులో బల్ల పెరిగింది అంటారే, ఆ ప్లీహము దెబ్బతింటుంది. క్రిములతో పోరాడవలసినది అదే. కనుక సాయంత్రం తగిలిన జ్వరం తెల్లవారేసరికి ప్రాణం తీయగలదు.

గాస్టన్ నాయకత్వాన జరిగిన పరిశోధన 1986లో వెలువడింది. 215 మంది చిన్నబిడ్డలలో 105 మందికి రోజుకు రెండు పూటలా పెన్సిలిన్ ఇచ్చారు, 110 మందికి మందులేని మాత్ర ఇచ్చారు. మందులేనివారిలో 13 మందికి ప్రమాదకరమైన న్యూమోకాకస్ క్రిమి సోకింది, ముగ్గురు చనిపోయారు. పెన్సిలిన్ మింగినవారిలో ఇద్దరికే సోకింది, ఒక్కరూ పోలేదు. తేడా అంత స్పష్టం కాగా గడువుకు ఎనిమిది నెలల ముందే పరీక్ష ఆపివేశారు.

ఇక్కడ ఒక మాట అనక తప్పదు. ఈ జబ్బును షికాగో డాక్టరు ఒకరు 1910లోనే వర్ణించారు. పెన్సిలిన్ 1940ల నుండి ఉంది, ఖరీదైనదీ కాదు. మరి ఆ రెంటినీ కలిపి చూడడానికి ఇన్ని దశాబ్దాలా? జబ్బుపడినవారు ఎవరి బిడ్డలో చూస్తే జవాబు దొరుకుతుందని మాకు తోస్తున్నది. పుట్టగానే మడమ నుండి రక్తపు చుక్క తీసి చూస్తే చాలు. అయినా ఆ దేశపు రాష్ట్రాలన్నిటిలో ప్రతి బిడ్డకూ ఆ పరీక్ష జరిగేసరికి 2006 వచ్చింది.

తెలిసిన తరువాత కూడా అందడం వేరు. ఈ బిడ్డలకు పక్షవాతం వచ్చే ముప్పును తలపై పెట్టే అల్ట్రాసౌండుతో ముందే కనిపెట్టవచ్చు. ముప్పున్నవారికి రక్తం ఎక్కిస్తూ ఉంటే చాలామందికి అది తప్పుతుందని 1998లోనే రుజువైంది. కాని 2019లో చూడగా ఆ పరీక్ష జరిగినది సగం కంటె తక్కువమందికే. దూరం, సెలవు దొరకని కూలిపని, భీమా చిక్కులు, అన్నిటికంటె తల్లిమాటను నమ్మని చోటికి మళ్ళీ వెళ్ళబుద్ధి కాకపోవడం. అపెండిసైటిస్‌తో వచ్చిన బిడ్డలలో, తీవ్రమైన నొప్పి ఉన్నా, నల్లజాతివారికి గట్టి నొప్పిమందు తక్కువగా ఇస్తున్నారని 2015లో ఒక అధ్యయనం తేల్చింది. బిడ్డ ఏడుపులో రంగు ఏమి కనబడిందో!

ఈ జబ్బు మనకు దూరమైనది కాదు. 1952లోనే నీలగిరి గిరిజనులలో దీనిని గుర్తించారు. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ గ్రామాలలోనూ ఉంది. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం క్రింద రక్తం చూసి కార్డు ఇస్తున్నారు. కొండ ప్రాంతాల పాఠకులారా, ఆ కార్డును బియ్యపు డబ్బాలో దాచక చేతికందేచోట ఉంచండి. జబ్బున్న బిడ్డకు జ్వరం 101 దాటితే తెల్లవారేదాకా ఆగవద్దు. ఆసుపత్రిలో చీటీ వ్రాసేవారితో మొదటిమాటగా చెప్పండి, "మా బిడ్డకు సికిల్ సెల్ ఉందండీ" అని. విననట్టుంటే కార్డు చూపి మళ్ళీ చెప్పండి.