పాత ఇంజను – కొత్త ఇంధనము

తెలుగు చెప్పుకొనేవారికి ఇంజనుల గొడవ ఏలయని మా సహాధ్యాపకులలో కొందరు నవ్వవచ్చును. నవ్వనిండు. నెల జీతముతో సంసారమును నెట్టుకొని వస్తున్న మాబోటివారికి ఇంజను చెడినచో కలిగే బాధ భౌతికశాస్త్ర శాఖకు చెందినదా, అర్థశాస్త్ర శాఖకు చెందినదా అన్నది పెద్దలే తేల్చవలెను. మేము మాత్రము ఈ సంవత్సరము ఆ బాధను దగ్గరనుండి చూచినాము. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

మా కారు 2014 నాటిది. 2021 లో పాతదిగా కొన్నాము. చిన్న పెట్రోలు ఇంజను, దానికొక టర్బో. ఇప్పటికి 1,62,000 కిలోమీటర్లు తిరిగినది. మా ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు, వాహనములన్న చెవి కోసుకొనేవాడు, ఒకనాడు కాలేజీ గేటువద్ద మమ్ములను ఆపి, "సార్, ఎట్లాగూ మన బంకులలో ఇరవై శాతము ఇథనాల్ కలుపుతూనే ఉన్నారు. మీరు ఒకేసారి ఎనభై ఐదుకు పోకూడదా? ఒక కిట్టు పెట్టిస్తే చాలు, బండి గుర్రమైపోతుంది" అన్నాడు. విదేశములవారు అట్లు చేయగా చూచినాడట. ఆ ఇంధనము దొరికేది ఎక్కడ నాయనా అంటే, సరిహద్దు దాటి డబ్బాలలో తెస్తామన్నాడు. 2024 మార్చిలో ఇండియన్ ఆయిల్ సంస్థ ఐదు రాష్ట్రములలోని 183 బంకులలో ఇథనాల్ 100 అనే ఇంధనమును ప్రవేశపెట్టిన మాట నిజమే. ఆ ఐదింటిలో కర్ణాటక, తమిళనాడులు ఉన్నవి, తెలుగు రాష్ట్రములు లేవు. అయినను, మండే ద్రవమును డబ్బాలలో నింపి కారు డిక్కీలో తెచ్చుకొనుట సాహసము కాదు, అవివేకము.

అయితే ఆ కుర్రవాని ప్రశ్నను కొట్టివేయుటకు వీలు లేదు. ఇథనాల్‌లో నిజముగానే గుణములు ఉన్నవి. ఆక్టేన్ సంఖ్యలో స్వచ్ఛమైన ఇథనాల్ మన సాధారణ పెట్రోలును మించి నూరు దాటుతుంది. అది ఆవిరి అయ్యేటప్పుడు పెట్రోలుకంటె రెట్టింపునకు మించిన వేడిని తనలోనికి లాగుకొంటుంది. టర్బో చేసే పని గాలిని అదిమి ఇంజనులోనికి తోయుట. అదిమిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలిలో ఇంధనము వేళ కాని వేళ భగ్గుమంటుంది. మిస్త్రీలు నాకింగు అనేది దానినే. ఆ గాలిని చల్లబరచి, వేళ కాని మంటను అణచే ఇంధనము టర్బోకు సహజ మిత్రము. ఇంతవరకు విద్యార్థి చెప్పినది అక్షరాల నిజము.

ఇందుకు మంచి దృష్టాంతము స్వీడన్‌లో ఉన్నది. సాబ్ కంపెనీవారు 2005 లో 9-5 బయోపవర్ అనే కారును అక్కడ విడుదల చేసినారు. రెండు లీటర్ల టర్బో ఇంజను. పెట్రోలుపై 150 గుర్రముల బలము ఇచ్చే ఆ ఇంజనే ఎనభై ఐదు శాతము ఇథనాల్‌పై 180 ఇచ్చినది. వినుటకు అద్భుతమే. కాని ఆ ముప్పది గుర్రములు ఊరక రాలేదు. వాల్వులను, వాటి పీఠములను గట్టి లోహముతో చేసినారు. ఇంధనము తగిలే గొట్టములను, పంపును ఇథనాల్‌కు తట్టుకొనేట్లు మార్చినారు. ఏ పాలు ఎంత ఉన్నదో గ్రహించి తనను తాను సరిదిద్దుకొనేట్లు ఇంజను కంప్యూటరుకు నేర్పినారు. అన్నింటికంటె ముఖ్యము, అది కర్మాగారమునుండి అప్పుడే వచ్చిన కొత్త ఇంజను. మన కుర్రవాడు చూచినది ఆ 180 అంకెను మాత్రమే.

అరిగిన ఇంజను సంగతి వేరు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఇథనాల్‌కు తొమ్మిది కిలోలు చాలును. అనగా అదే గాలికి ఇథనాల్‌ను ఎక్కువ పోయవలెనన్న మాట. ఎనభై ఐదు శాతపు ఇంధనమైతే ఇంజెక్టర్లు ఇంచుమించు నలుబది శాతము అదనముగా పోయవలసి వస్తుంది. పదేండ్ల పంపు, మురికి పట్టిన ఇంజెక్టర్లు అంత పోయగలవా? పోయలేనప్పుడు మిశ్రమము పలుచనవుతుంది. టర్బో పూర్తి బలముతో అదుముతున్న వేళ మిశ్రమము పలుచనయితే పిస్టన్ కరగుటకు ఎంతోసేపు పట్టదు. కిట్టు అనే ఆ పెట్టె చేసేది ఇంజెక్టరును కొంచెము ఎక్కువసేపు తెరచి ఉంచుట మాత్రమే. లేని శక్తిని అది ఇంజెక్టరుకు ఇవ్వజాలదు.

ఇంకొక చిక్కు ఉన్నది, అది కనబడనిది. ఇథనాల్ మంచి ద్రావకము. ఏండ్ల తరబడి ట్యాంకు అడుగున, గొట్టముల గోడలపై పేరుకొన్న మడ్డిని కడిగి ఫిల్టరునకు చేరుస్తుంది. ఫిల్టరు మార్చుకొన్నచో సరిపోతుంది, అది చిన్న సంగతి. పెద్ద సంగతి ఆయిలుది. ఇంజను వేడెక్కకముందు ఇథనాల్ సరిగా ఆవిరి కాదు. ద్రవముగానే సిలిండరు గోడలపై పడి, అక్కడి నూనె పొరను కడిగి, అరిగిన రింగుల సందులనుండి కిందికి దిగి ఆయిలులో కలుస్తుంది. మన ఊరిలో చలి ఎక్కడిదని అడుగవచ్చును. మా ఇంటినుండి కాలేజీకి మూడు కిలోమీటర్లు. ఇంజను వేడెక్కేసరికి మేము హాజరు పట్టీ తెరుస్తూ ఉంటాము! ఇట్లు పలుచబడిన ఆయిలే టర్బో బేరింగునకు ఆధారము. నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరిగే ఆ ఇరుసు పలుచని నూనె పొరపై తేలుతూ తిరుగుతుంది. ఆ పొర సత్తువ తగ్గినచో మొదట దెబ్బ తినేది ఆ ఇరుసే.

మేము ఈ విషయములన్నీ పుస్తకములో చదివి ఊరుకొనక, పాత బస్టాండు వెనుక షెడ్డులో ముప్పది ఏండ్లుగా పని చేస్తున్న మిస్త్రీ చాచావద్దకు కారును తీసికొనిపోయినాము. ఆయన మా మాట అంతయు విని, "తాపేది మార్చే ముందర కడుపు చూసుకోవల్ల సార్" అన్నాడు. ప్లగ్గులు ఊడదీసి ఒక్కొక్క సిలిండరునకు కంప్రెషన్ మీటరు పెట్టినాడు. ఒకటి 170, రెండు 168, నాలుగు 172. మూడవది 126! అందరికీ తెలియవలసిన ఉపాయమొకటి అప్పుడు చేసినాడు. ఆ మూడవ సిలిండరులో ఒక చెంచాడు ఆయిలు పోసి మరల కొలిచినాడు. 155 కు ఎగబాకినది. నూనె పోయగానే ఒత్తిడి పెరిగినదంటే అరుగుదల రింగులలో ఉన్నదని అర్థము. పెరుగకపోతే వాల్వులను అనుమానించవలెను. ఇంత తేలికగా తెలిసే సత్యమును తెలిసికొనక, మేము ఒక సంవత్సరముపాటు ప్రతి దోషమును బంకువానిపై వేసినాము.

ఈ మాట ఎందుకు చెప్పుచున్నామంటే, నేడు పాత వాహనము గల ప్రతివాడును ఇథనాల్‌ను తిట్టుటకు అలవాటు పడినాడు. మేమును తిట్టినవారమే. లీటరుకు పదునాలుగు కిలోమీటర్లు నడిచిన మా కారు పదమూడుకు దిగినది. దానిలో ఇథనాల్ పాలెంత, మా మూడవ సిలిండరు పాలెంత యని విడదీసి చెప్పుట మాకు శక్యము కాలేదు. కిట్టు పెట్టిస్తే గుర్రమనే విద్యార్థియు, చుక్క ఇథనాల్ తగిలితే బండి బూడిదయనే పెద్దమనిషియు ఒక్క తప్పే చేస్తున్నారు. ఇద్దరును ఇంధనమును చూచినారు గాని ఇంజనును చూడలేదు.

అట్లని ప్రభుత్వమును నిర్దోషి యనలేము. 2022 లో జీవ ఇంధన విధానమును సవరించి, ఇరవై శాతము మిశ్రమపు గడువును 2030 నుండి 2025-26 కు ముందుకు జరిపినారు. 2023 లో కొన్ని బంకులలో మొదలైన ఆ ఇంధనము 2025 నాటికి దాదాపు అంతటా అదొక్కటే అయినది. దేశములో చమురు దిగుమతి తగ్గవలెను, చెరకు, మొక్కజొన్న పండించే రైతుకు మరొక కొనుగోలుదారు ఉండవలెను. ఇందులో మాకు భేదాభిప్రాయము లేదు. కాని 2021 లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదికయే, పాత తరహా కార్లలో ఈ మిశ్రమము వలన ఆరు, ఏడు శాతము మైలేజీ తగ్గవచ్చునని చెప్పినది. పాత వాహనముల కొరకు పది శాతపు మిశ్రమమును అందుబాటులో ఉంచుమని, శక్తి తక్కువ కనుక ధరయు తగ్గించుమని కూడ సూచించినది. గడువు ముందుకు జరిగినది గాని ఈ రెండు సూచనలు వెనుకబడినవి. ఇథనాల్ లేని పెట్రోలు కావలెనని వేసిన వ్యాజ్యమును సుప్రీం కోర్టు 2025 సెప్టెంబరులో కొట్టివేసినది.

బ్రెజిల్ దేశము 1975 నుండి ఇథనాల్‌ను నమ్ముకొన్నది. 2003 నుండి అక్కడ రెండు ఇంధనములపైనను నడిచే కార్లు వచ్చినవి. నేడు అక్కడి పెట్రోలులోనే ముప్పది శాతము ఇథనాల్. దానిని చూపి మనలను ఎద్దేవా చేసేవారు ఉన్నారు. వారు మరచేది ఒకటి కలదు. ఆ దేశమువారు మొదట బండ్లను మార్చుకొన్నారు, బంకులో ఇథనాల్‌ను, పెట్రోలును వేరువేరుగా ఉంచి కొనేవాని ఇష్టమునకు విడిచిపెట్టినారు. అమెరికాలో సైతము పదిహేను శాతపు మిశ్రమమును 2001 కి ముందటి కార్లలో పోయరాదని నిషేధము ఉన్నది. కొత్త కారు కొనగలవానికి ఈ చర్చయే అక్కరలేదు. పాత కారు, పాత మోటారుసైకిలు ఎవరి ఇండ్లలో ఉన్నవో మన విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. తేడా భారము పడేది వారిపైననే. కనీసము పది శాతపు మిశ్రమమునకు ప్రతి పట్టణములో ఒక్క బంకైనను కేటాయించుట, ఏ గొట్టమునుండి ఏ పాలు వస్తున్నదో తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించుట అంత కష్టమైన పనులు కావని మా అభిప్రాయము.

మా వరకు మేము చేసినది చెప్పెదము. కిట్టు ఆలోచన మానుకొన్నాము. ఫిల్టరు, ప్లగ్గులు మార్పించినాము. గట్టిపడి పగుళ్ళిచ్చిన రెండు రబ్బరు గొట్టములను తీసి ఇథనాల్‌కు తట్టుకొనేవి వేయించినాము. ఆయిలు పదివేల కిలోమీటర్లకు గాక ఐదువేలకే మారుస్తున్నాము. వేసవి సెలవులలో కారు నెలరోజులు కదలదు, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చే స్వభావము కలది, కనుక ట్యాంకులో తక్కువ ఇంధనము నిలువ ఉంచి, మరల బయలుదేరే ముందు కొత్తది పోయిస్తాము. వారమునకు ఒకసారియైనను పెద్దరోడ్డుపై ముప్పది కిలోమీటర్లు నడిపి ఆయిలులో చేరినదానిని ఆవిరి కానిస్తున్నాము.

రింగుల మరమ్మతునకు మిస్త్రీ చాచా చెప్పిన మొత్తము మా నెల జీతమును దాటినది. కరువు భత్యపు బకాయిలు వచ్చినప్పుడు చేయిద్దామని చెప్పి వచ్చినాము. ఆ విద్యార్థి మాత్రము కంప్రెషన్ మీటరొకటి తానే కొన్నాడు. స్నేహితుల బండ్లన్నిటికిని ప్లగ్గులు ఊడదీసి చూస్తున్నాడని వినికిడి.