కదలిక కన్నా ముందు నిలకడను కొలవాలి

అద్దంకి పరిసరాల నల్లరేగడి చేలలో పత్తి తీతలు ముగిశాక కట్టెను నేలలో కలిపే రోటవేటరుకు కొన్ని వారాలపాటు తీరిక ఉండదు. ఆ తరువాత అది నెలల తరబడి షెడ్డులోనో, వేపచెట్టు కిందనో పడి ఉంటుంది. ట్రాక్టరుకు సొంత బ్యాటరీ, తాళంచెవి ఉన్నాయి. తాళంచెవి తిప్పడమే దాని కదలికకు తొలి సూచన. రోటవేటరు, గొర్రు, ట్రాలీలకు ఆ రెండూ లేవు. వాటికి బిగించే ట్రాకరు చిన్న బ్యాటరీతోనే కాలం గడపాలి. 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ మొదలైనప్పటి నుంచి యంత్రాల అద్దె కేంద్రాలకు ప్రోత్సాహం లభిస్తోంది కనుక, పదిమంది చేతులు మారే పనిముట్టు ఎక్కడ ఉంది, ఎన్ని గంటలు పనిచేసింది అన్న ప్రశ్నలు విస్తరణ శాస్త్రవేత్తల దాకా వస్తాయి.

ఈ ప్రశ్నలకు చాలామందికి తోచే సమాధానం జీపీఎస్. పావుగంటకొకసారి స్థానం చూసి, మారితే కదిలినట్లు లెక్కించడం. లెక్క వేస్తే దీని బలహీనత తెలుస్తుంది. జీపీఎస్ గ్రాహకం 25 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటూ ప్రతిసారీ ఒక నిమిషం పనిచేస్తుందనుకుంటే, రోజుకు 96 నిమిషాలు, అంటే 40 మిల్లీ ఆంపియర్-గంటలు ఖర్చవుతాయి. 2,400 సామర్థ్యం గల బ్యాటరీ 60 రోజుల్లో ఖాళీ అవుతుంది. సమాచారం పంపే మోడెమ్ ఖర్చు ఇందులో చేరనే లేదు. పైగా రేకుల షెడ్డు కింద సంకేతం సరిగా అందదు. గోడల మీద పడి పరావర్తనం చెందిన సంకేతాల వల్ల కదలని రోటవేటరు పదుల మీటర్లు జరిగినట్లు నమోదు కావచ్చు.

యాక్సిలరోమీటర్ ఇందుకు భిన్నం. తక్కువ వేగంతో కొలిచే స్థితిలో సుమారు 2 మైక్రో ఆంపియర్లతో సరిపెట్టుకునే చిప్‌లు ఉన్నాయి. ఏడాది పొడవునా మేలుకొని ఉన్నా అలాంటి చిప్‌కు 18 మిల్లీ ఆంపియర్-గంటలు చాలు. అందుకే తయారీదారులు దీనిని సిఫారసు చేస్తారు. ఆ సిఫారసు సగం నిజమే. చిప్ ఖర్చు స్వల్పం, కానీ అది అనవసరంగా లేపే జీపీఎస్ ఖర్చు స్వల్పం కాదు. రోటవేటరుకు ఒళ్లు రాచుకునే మేక, దానిపైకెక్కి ఆడే పిల్లలు, పక్క పనిముట్టును తగిలించుకుంటున్న ట్రాక్టరు కలిసి రోజుకు 100 సార్లు ట్రాకరును మేల్కొలిపితే, జీపీఎస్ ఒక్కటే 42 మిల్లీ ఆంపియర్-గంటలు తింటుంది. పావుగంట పద్ధతి కన్నా ఇదే ఎక్కువ!

చవకగా దొరికే బంతి స్విచ్‌కూ ఒక చిక్కు ఉంది. పనిముట్టు ఏ కోణంలో ఆగిందో దాన్నిబట్టి స్విచ్ మూసుకొని ఉండిపోవచ్చు. అప్పుడు 3 వోల్టుల వలయంలో 100 కిలో ఓముల నిరోధకం ద్వారా 30 మైక్రో ఆంపియర్లు నిరంతరం పారుతూనే ఉంటాయి.

అద్దంకి ఎండలు మరో పరీక్ష. సాధారణ చిప్‌లలో శూన్య బిందువు డిగ్రీకి అర మిల్లీ-జి వరకు జరుగుతుంది. తెల్లవారుజామున చల్లబడిన ఇనుప చట్రం మధ్యాహ్నానికి 30 డిగ్రీలు వేడెక్కితే 15 మిల్లీ-జి తేడా వస్తుంది. హద్దును అంతకన్నా తక్కువగా పెట్టినవారికి ప్రతి మధ్యాహ్నం కదలికే కనిపిస్తుంది. నెమ్మదిగా వచ్చే ఈ మార్పును వడపోస్తే ఆ బెడద పోతుంది. అయితే రోటవేటరును మెల్లగా వంచి బండెక్కించినప్పుడు వచ్చే వాలు మార్పూ ఆ వడపోతలోనే పోయే ప్రమాదం ఉంది. గంటకోసారి వాలును విడిగా పోల్చి చూడడం మంచిది. దాని ఖర్చు లెక్కలోకి రాదు.

కదిలిందా అన్నది ఒక ప్రశ్న, పనిచేసిందా అన్నది వేరొక ప్రశ్న. రెండింటినీ కలిపేస్తే నష్టపోయేది గంటకింతని అద్దె చెల్లించే కౌలు రైతే. ఊరి నుంచి చేను దాకా వెళ్లిన దూరం కూడా దున్నిన గంటల్లో చేరిపోతుంది. పీటీఓ షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు 9 సార్లు తిరుగుతుంది. ఆ కంపనాన్ని గుర్తించాలంటే సెకనుకు 18 సార్లకు మించి కొలవాలి. సెకనుకు ఒకసారి కొలిచే పొదుపు స్థితి మేల్కొనడానికి సరిపోతుంది కానీ దున్నకాన్ని దారి కుదుపుల నుంచి వేరు చేయలేదు. మేల్కొన్న తరువాత కొన్ని సెకన్లపాటు 50 సార్ల చొప్పున కొలిచి, కంపనం నిలకడగా ఉంటేనే పనిగా లెక్కించాలి. కుదుపు కొన్ని సెకన్లు కొనసాగితేనే జీపీఎస్‌ను లేపాలి. ఒకసారి లేపాక అదే చోటు తేలితే మళ్లీ లేపే ముందు కొంత విరామం ఇవ్వాలి.

ఆ కొన్ని సెకన్లు ఎన్ని, హద్దు ఎంత అన్నవి ప్రయోగశాల బల్ల మీద తేలవు. విద్యార్థులు తరచూ చేసే పొరపాటు ట్రాకరును చేతితో ఊపి చూసి సరిపెట్టుకోవడం. అంతకన్నా, రోటవేటరు పడి ఉండే చోటనే పదిహేను రోజులపాటు దాని నిలకడను నమోదు చేయడం మేలు. ఆ పదిహేను రోజులు ఏప్రిల్, మే నెలల్లో అయితే ఇంకా మేలు.

మిగిలినది మౌనం సంగతి. కదలని పనిముట్టూ మౌనంగా ఉంటుంది, బ్యాటరీ అయిపోయిన ట్రాకరూ మౌనంగానే ఉంటుంది. కేంద్రం నిర్వాహకుడికి రెండింటి తేడా తెలియాలంటే కదలిక ఉన్నా లేకున్నా రోజుకొక సందేశం, అందులో బ్యాటరీ వోల్టేజీతో సహా, రావాలి. బ్యాటరీ ఆయువును లెక్కించేటప్పుడు ఆ 365 సందేశాలను మొదటే తీసివేసి, మిగిలినదానిని కదలికలకు పంచాలి.